రంగులోళ్ళ వీధి మొదట్లో

గూడెం స్టేషన్లో పాసింజరు కదిలేసరికి చినుకులు మొదలయ్యాయి. సుమన కిటికీ రెక్క దించబోయి సగంలో ఆపేసింది. జల్లు మోచేతిని తడుపుతోంది, తడవనీ, తడిస్తే ఏమవుతుంది, పట్టుచీర కట్టుకోమని తమ్ముడు ఫోన్లో పోరినా తను వినలేదు కదా, నేతచీరే కట్టుకుంది, పట్టుచీరతో ఆ వేదిక మీద కూర్చుంటే ఎలా ఉంటుంది, అసలు వేదిక ఎక్కడమేమిటి. గంట ప్రయాణం. ప్రత్తిపాడు, బాదంపూడి, ఉంగుటూరు, చేబ్రోలు, కైకరం. చిన్నప్పుడు ఈ పేర్లు ఏలూరు దాకా తడుముకోకుండా అప్పచెప్తే నాన్న మురిసిపోయేవాడు. ఇవాళ ఒక్కో స్టేషనూ వెనక్కి పోతుంటే వాచీ చూసుకుంటోంది. పదకొండింటికి ఏలూరులో సభ. పాత ఏలూరు ఫొటోల ప్రదర్శన, దాని వెంటనే సన్మానం. సన్మానం తనకు కాదు, పదకొండేళ్ళ కిందట పోయిన నాన్నకు. అనంతపద్మనాభం గారి తరఫున శాలువా కప్పించుకోవలసింది మాత్రం తను.

పెంటపాడు హైస్కూల్లో సోషలు చెప్పుకునే మనిషికి ఈ ఫేస్‌బుక్కు గ్రూపుల గొడవ ఎందుకు. సరదాకే చేరింది. ఏలూరులో స్టూడియో నడిపిన మత్తయి గారు పోతూ పోతూ రేకు పెట్టెల నిండా నెగటివులు వదిలి వెళ్ళాడు. ఆయన మనవరాలు జ్యోత్స్న వాటిని స్కాను చేయించి రోజుకొకటి గ్రూపులో పెట్టడం మొదలుపెట్టింది. జట్కా స్టాండు, కాలవ రేవులో గోనెసంచులు ఉతికే ఆడవాళ్ళు, తివాచీల షెడ్డు ముందు మధ్యాహ్నం గంటకు బయటికొచ్చిన పనివాళ్ళు, వాళ్ళ తలగుడ్డల మీద మంచు పడ్డట్టు ఉన్ని నూగు. ఒక్కో ఫొటో కింద వందల మాటలు. ఈయన మా తాతయ్య. ఆ అరుగు మాది. ఆ మూల మీద మరమరాలు వేయించేవారు, వాసన ఇప్పటికీ ముక్కుకి తగులుతుంది. రంగులోళ్ళ వీధి ఫొటోలు వచ్చినప్పుడు తనూ ఉండబట్టలేకపోయింది. తివాచీల ఉన్నికి రంగులు వేసేవాళ్ళ వీధి అది, ప్రతి గుమ్మం ముందూ ఒక రాగి కాగు, ఆవిర్లు, వీధి పొడుగునా దండేల మీద తడి ఉన్ని. మురుగుకాలవ సోమవారం ఎర్రగా, బుధవారం నీలంగా పారేదని ఎవరో రాస్తే, కాదండీ, నీలం గురువారం, మా ఇల్లు రెండు వీధుల అవతల, బడికి వెళ్తూ కాలవ రంగు చూసి వారం చెప్పేదాన్ని అని రాసింది. ఎంతమందికో నచ్చింది. ఆ వీధి ఇప్పుడు లేదు. అది ఉన్నచోట షాపుల కాంప్లెక్సు లేచింది, వెనక ఏసీ ఫంక్షన్ హాలు. ఇవాళ సభ ఆ హాల్లోనే.

ఆ ఒక్క మాటతో ఆగినా బాగుండేది. నెల కిందట జ్యోత్స్న ఇంకో ఫొటో పెట్టింది. వాన. రంగులోళ్ళ వీధి మొదట్లో కల్వర్టు మీద గొడుగు వేసుకుని నిలబడ్డ మనిషి, చంకలో రిజిస్టరు. ఎదురుగా టీ కొట్టు, కొట్లోంచి ముందుకు వంగి చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్న కొట్టాయన. వాళ్ళ వెనక మసకగా వీధి, నీళ్ళలో. ఈయనెవరో తెలుసా అని అడిగింది జ్యోత్స్న. చూడగానే సుమనకు కళ్ళు చెమర్చాయి. ఆయన గొడుగు, ఆయన నిలబడే తీరు, ఎడమ భుజం కాస్త వంగి. ఆలోచించలేదు. మా నాన్నగారండీ, కాలవల పని చూసే ఆఫీసులో క్లర్కుగా చేసేవారు అని రాసేసింది. వేళ్ళు రాసేశాయి. ఆ తరవాతే నెగటివు కవరు మీద మత్తయి గారు పెన్సిలుతో వేసుకున్న తేదీని జ్యోత్స్న పెట్టింది. ఆ తేదీ చూశాక ఇక గ్రూపు ఆగలేదు. అది వరద రోజు. నలభై రెండేళ్ళ కిందట తమ్మిలేరు పొంగి, బజారు మునిగిపోతుందని భయపడి, పైవాళ్ళు మధ్యాహ్నం మూడింటికి పల్లం వైపు గట్టుకు గండి కొట్టించిన రోజు. నీళ్ళన్నీ రంగులోళ్ళ వీధి మీద పడ్డాయి. మగవాళ్ళు పొద్దుటి నుంచీ బజారు వైపు గట్టు మీద ఇసక బస్తాలు వేస్తున్నారు, వాళ్ళను పిలిపించింది అందుకే. వీధిలో ఉన్నది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, పిల్లలు. మట్టిగోడలు నిలబడలేదు. పదిహేడు మంది.

ముందే మనిషిని పంపి చెప్పించాం, వాళ్ళే కదల్లేదు, కాగులు వదిలి రాలేకపోయారు అని ఆఫీసు అప్పుడే అంది. ఊరూ అదే అంది. అనగా అనగా అది నిజమై కూర్చుంది. ఇప్పుడు ఫొటో దొరికింది, ఇంకేం కావాలి. చూశారా, గొడుగేసుకుని వచ్చి మరీ చెప్పాడు పాపం, ఆ టీ కొట్టాయన ఎంత భక్తిగా దణ్ణం పెడుతున్నాడో చూడండి, చెప్తే వినని జనాన్ని ఎవరు మాత్రం ఏం చేస్తారు, ఇలాంటి ఉద్యోగులు ఇప్పుడేరీ. మాటలు గుట్టలుగా పడ్డాయి. వారం తిరక్కుండా కమిటీ, ప్రదర్శన, సన్మానం. ఆ ఫొటోను గోడంత చేయించారట. కింద నాన్న పేరు, ప్రాణాలకు తెగించి హెచ్చరించిన ఉద్యోగి అని.

కైకరం దాటింది. వాన పెద్దదయింది. ఎదురు సీటు పెద్దాయన, రెక్క దించమంటారా అమ్మా అని అడిగితే తలూపింది. గాజు మీద నీళ్ళు జారుతున్నాయి, వాటి వెనక చేపల చెరువులు, ఆకాశం రంగులోనే, ఎక్కడ గట్టో ఎక్కడ నీళ్ళో తెలియకుండా. ఫోను కుయ్యిమంది. లోతట్టు ప్రాంతాల ప్రజలు అప్రమత్తంగా ఉండాలి అని ప్రభుత్వం వారి మెసేజి. పెట్టెలో అందరి ఫోన్లూ ఒకేసారి మోగాయి. అందరూ ఒకసారి చూసి జేబుల్లో పెట్టేసుకున్నారు. సుమన మాత్రం పెట్టుకోలేకపోయింది. వేలు దానంతటదే పోయి నాలుగు రోజుల కిందట వచ్చిన వాయిస్ మెసేజిని తట్టింది. ఫోను చెవికి ఆనించుకుంది. ఇరవయ్యోసారో ముప్పయ్యోసారో.

"అమ్మా, నమస్కారమండి. నా పేరు సారమ్మండి, మండవల్లి నుంచండి. రంగులోళ్ళ వీధి అచ్చాయమ్మ కూతుర్నండి నేను. మీ నాన్నగారు ఆ రోజు మా వీధిలో ఇల్లిల్లూ తిరిగి చెప్పారంట కదండీ. మా అమ్మకి చెప్పినప్పుడు మా అమ్మ ఏమందో ఆయన మీతో ఎప్పుడైనా అన్నారా అండీ? ఒక్క మాటైనా ఫరవాలేదండి. మీటింగుకి నేనూ వత్తానండి, స్టేషన్లో కలుత్తాను."

ఈ సారమ్మ గ్రూపులో ఎప్పుడూ ఎక్కువ రాయదు. ఒక్కసారే రాసింది. వరదకు వారం ముందు తనను మండవల్లిలో పెద్దమ్మ ఇంటికి పంపారట, పన్నెండేళ్ళు అప్పుడు. గండి పడ్డ మూడోనాడు కొల్లేటి వొడ్డున నీళ్ళలో పెరిగే తూడుకు చుట్టుకుని ఎర్ర ఉన్ని తేలుతూ వచ్చిందట, దారపు చిలపలు చిలపలుగా. మా వీధి ఉన్ని అది, మా అమ్మ వేసే ఎరుపు అది, గుర్తుపట్టి సంబరపడి మోకాల్లోతు నీళ్ళలో దిగి అంతా ఏరుకున్నాను, అమ్మకి పంపుదామని ఎండబెట్టాను, కబురు మర్నాడు వచ్చింది అని రాసింది. దాని కింద ఎవరూ ఏమీ రాయలేదు. సుమన కూడా రాయలేదు. 

ప్రద్యుమ్న ఫోను. ఎత్తింది. తమ్ముడు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, హాల్లో ఉన్నట్టున్నాడు, వెనక మైకు సరిచేస్తున్న చప్పుడు. నిన్న సాయంత్రం తను చెప్పిందంతా విన్నప్పటి నుంచీ వాడికి నిద్ర లేదట. కార్డులు పంచారు, పెద్దమనుషులు వస్తున్నారు, నాన్న ఫొటోకి దండ కూడా వేశారు, ఇప్పుడు నువ్వొచ్చి ఏదో అంటే ఆయన్ని చచ్చాక మళ్ళీ చంపినట్టవుతుంది, నేనీ ఊళ్ళో బతకాలి అన్నాడు. తరవాత ఇంకాస్త మెత్తబడ్డాడు.

"నీకు తొమ్మిదేళ్ళు అప్పుడు. తొమ్మిదేళ్ళ పిల్లకి ఏం గుర్తుంటుంది చెప్పక్కా?"

వస్తున్నాన్రా అని పెట్టేసింది. ఏం గుర్తుంటుంది. వాడికి అప్పుడు మూడేళ్ళు, వాడికి ఆ రోజటి నాన్నంటే కల్వర్టు మీద గొడుగు మనిషే, ఇప్పుడు దండ వేసిన ఫొటో. అమ్మ సంగతి వేరు. అమ్మ, వెంకటసుబ్బలక్ష్మి, డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి, పొద్దున్న కాఫీ గ్లాసు అందిస్తూ, ఎందుకే ఇప్పుడు ఇదంతా అంటుందనుకుంది తను. అనలేదు. గుమ్మం పట్టుకుని నిలబడి, ఆ రోజు మీ నాన్న ఇంటికొచ్చినప్పుడు పంచె అంచు తెల్లగా ఉంది, ఆ వీధిలో దిగినవాడి పంచెకు రంగు అంటకుండా ఉంటుందా అంది. అని దేవుడి గదిలోకి వెళ్ళిపోయింది. నలభై రెండేళ్ళు. అమ్మా తనూ ఒకే వంటింట్లో తిరిగారు, ఒకరికి తెలుసని ఒకరికి తెలియకుండా. లేక తెలిసేనా.

పూళ్ళలో బండి ఆగింది. సిగ్నలు లేదు. ఆగిన బండి మీద వాన చప్పుడు ఇంకోలా ఉంటుంది, రేకు మీద పడ్డట్టు, టీ కొట్టు రేకు మీద పడ్డట్టు, అదే చప్పుడు, వద్దు, కానీ ఇక వద్దంటే ఆగుతుందా. ఆ రోజు తాతగారి తద్దినం. నాన్న సెలవు పెట్టాడు. పొద్దున్నే ఆఫీసు నుంచి బంట్రోతు వచ్చి పిల్చుకుపోయాడు. ఏరు పొంగుతోంది, పల్లపు వీధులకు వీధికొకరు వెళ్ళి చెప్పి రండి అన్నారట. బడి మూసేశారు. నాన్నే వచ్చి తనను గొడుగులోకి తీసుకున్నాడు. దారంతా మాట్లాడుకుంటూనే నడిచాడు, తనతో కాదు, తనలో తాను, భోక్తలు వచ్చేసి ఉంటారు, అపరాహ్ణం దాటకూడదు, ఇప్పుడా నీళ్ళల్లో దిగానంటే మళ్ళీ స్నానం, మళ్ళీ మడి, మళ్ళీ మొదటికి. కల్వర్టు దాకా వచ్చి ఆగాడు. వీధి మోకాల్లోతు నీళ్ళలో ఉంది. రంగులన్నీ కలిసిపోయి నీళ్ళు నల్లగా ఉన్నాయి, ఆ రంగు ఏ వారానిదో తనకు తెలియలేదు, దానికి మాత్రం భయం వేసింది. లోపల ఎక్కడో గుమ్మం మీద ఎవరో ఆడమనిషి తడి ఉన్ని అటక మీదికి అందిస్తోంది, ఎవరో పిల్లవాడు ఏడుస్తున్నాడు, పొయ్యి రాజుకోక పొగ. అవతల గట్టున మత్తయి గారు కెమెరాను తువ్వాలుతో కప్పుకుని నిలబడ్డాడు.

నాన్న వీధిలోకి చూశాడు. తన పంచె చూసుకున్నాడు. టీ కొట్టు వైపు తిరిగాడు. కొట్టు బంగార్రాజుది. బంగార్రాజుకు చెవులు సరిగ్గా వినపడవని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు, పిల్లలు కూడా వేళ్ళు చూపించి బెల్లం మిఠాయి అడిగేవాళ్ళు. పైగా రేకు మీద ఆ వాన. నాన్న అరిచాడు, నిజమే, అరిచే చెప్పాడు. రెండింటికల్లా అందరూ ఖాళీ చేసెయ్యాలిట, వీధిలో చెప్పు అని. బంగార్రాజు చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. మత్తయి గారు ఫొటో తీసింది ఆ క్షణాన్నే, ఊరంతా దణ్ణం అంటున్నది ఆ చేతినే. తను నాన్నకు అవతలి పక్కన ఉండి ఫొటోలో పడలేదు. బంగార్రాజు నవ్వాడు. రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు.

"రెండు టీలాండీ? ఇప్పుడే దించానండి, వేడిగా ఉంది."

నాన్న ఆ రెండు వేళ్ళ వైపు చూశాడు. చూడలేదని చెప్పడానికి లేదు. తనూ చూసింది, ఆయన చూడటం చూసింది. ఎంతసేపు, ఒక ఊపిరి పీల్చుకునేంతసేపు. తరవాత వద్దన్నట్టు చెయ్యి ఊపి, పద అని తన చెయ్యి లాగాడు. పదడుగులు నడిచాక తను వెనక్కి తిరిగింది. చెక్క మీద రెండు గ్లాసులు పెట్టి బంగార్రాజు ఇంకా వీళ్ళ వైపే చూస్తున్నాడు, గ్లాసుల మీంచి ఆవిరి లేస్తోంది. ఇంటికెళ్ళాక నాన్న స్నానం చేశాడు. తద్దినం జరిగింది. భోక్తలు తృప్తి అన్నారు. గారెలు, పరవాన్నం, తను రెండు గారెలు తింది. మూడింటికి అవతలి నుంచి చప్పుడు, పెద్ద చెట్టేదో కూలినట్టు, ఆ తరవాత అరుపులు, తరవాత ఏమీ లేదు. ఆ ఏమీ లేకపోవడం ఎంతసేపో. నాన్న లేచి తలుపు వేశాడు. బంగార్రాజు కూడా పదిహేడు మందిలో ఉన్నాడు.

రిజిస్టరులో నాన్న ఏం రాశాడో తను పెద్దయ్యాక ట్రంకుపెట్టెలో నకలు చూసింది. సదరు వీధివారికి స్వయంగా తెలియజేయడమైనది. ముత్యాల్లాంటి దస్తూరి. మూడు నెలలకు ఆయనే అడిగి గూడెం బదిలీ చేయించుకున్నాడు. వరద గురించి ఒక్కసారే మాట్లాడాడు. తనకు ఇరవయ్యేళ్ళు. ద్వారకా తిరుమలలో దర్శనం అయ్యాక మెట్ల పక్కన నీడలో కూర్చుని పులిహోర తింటున్నారు. ఆయన విస్తరాకులోకి చూస్తూ, ఆ టీ కొట్టువాడికి వినపడిందంటావా అన్నాడు. ఎవరు, ఎప్పుడు అని తను అడగలేదు. వినపడే ఉంటుంది నాన్నా అంది. ఎందుకంది, ఆయన ముఖం అలా ఉంది కాబట్టి అంది, గుడి దగ్గర కూర్చుని అంది. ఆయన తలూపి ఆకు మడిచాడు. ఆ మధ్యాహ్నం తను వినపడలేదు అని ఉంటే ఆయన ఏం చేసేవాడు. ఆ వీధివాళ్ళ దగ్గరికి వెళ్ళేవాడా, ఆఫీసుకు ఉత్తరం రాసేవాడా, ఏమీ చేసేవాడు కాదా. అది తెలుసుకునే దారిని తనే మూసేసింది. అప్పటికి సారమ్మకు ఇరవై మూడు ఉంటాయి.

భీమడోలు. దెందులూరు. బండి మళ్ళీ వేగం అందుకున్నదీ లేనిదీ తెలియలేదు. ఏమని చెప్పాలో మాటలు కూర్చుకుంది, ఆయన భయపడ్డారండీ అని, ఆ రోజుల్లో మడీ ఆచారం అలా ఉండేవండీ అని, ఆయన కూడా చాలా బాధపడ్డారండీ అని. ఒక్కో మాటా నోట్లో పెట్టుకుని చూస్తే ఒక్కొక్కటీ ఆయనకు వేస్తున్న శాలువాలాగే ఉంది. ఏలూరు వచ్చేసింది. దిగింది. వాన తగ్గి తుంపర పడుతోంది. నీటి కుళాయి దగ్గర పొట్టిగా, బలంగా ఉన్న ఆడమనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుని, దిగేవాళ్ళ ముఖాలన్నీ వరసగా చూస్తోంది. చేపల షెడ్డులో మంచు పట్టుకుని పట్టుకుని వేళ్ళు వంకర్లు తిరిగిన చేతులు. సుమనను చూడగానే దగ్గరికొచ్చింది, ఫొటోలో మీ నాన్నగారి పోలికేనండి అని ఆ చేతులతోనే ఆమె రెండు చేతులూ పట్టుకుంది.

కూర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"సారమ్మగారూ, మా నాన్న మీ అమ్మగారితో మాట్లాడలేదండి. అసలు వీధిలోకే దిగలేదు. మొదట్లో నిలబడి టీ కొట్టాయనతో ఒక మాట చెప్పి తిరిగొచ్చేశాడు. ఆయనకది వినపడలేదు. వినపడలేదని మా నాన్నకు తెలుసు. నేను పక్కనే ఉన్నాను."

సారమ్మ చేతులు వదల్లేదు. బండి కదిలి, వాళ్ళ పక్కనుంచి పెట్టెలన్నీ జారిపోయి, పట్టాలు ఖాళీగా కనిపించేదాకా అలాగే నిలబడింది.

"అయితే మా అమ్మకి తెలీదా అండీ?"

"తెలీదండి. ఎవరూ చెప్పలేదు."

అప్పుడు వదిలేసింది. వెళ్ళి సిమెంటు బెంచీ మీద కూర్చుంది. చెప్పినా కదల్లేదంట నీ తల్లి, కాగులు పట్టుకుని కూర్చుందంట, నీ చంటి తమ్ముణ్ణి కూడా పొట్టన పెట్టుకుందంట అని పెద్దమ్మ అన్నం పెట్టినప్పుడల్లా అనేదని చెప్పింది. అనీ అనీ తనకూ అదే ఖాయమైపోయిందని చెప్పింది. అమ్మను కొల్లేటి గట్టున పూడ్చారని తెలిసి కూడా సమాధుల పండక్కి ఒక్క ఏడూ కొవ్వొత్తి వెలిగించలేదని, ఇద్దరు ఆడపిల్లలు పుడితే ఒక్కదానికీ ఆ పేరు పెట్టుకోలేదని. ఏడవలేదు. ఎవరి సంగతో చెప్తున్నట్టు నేల వైపు చూస్తూ చెప్పింది. సుమన పక్కన కూర్చోబోయి, కూర్చోలేక, నిలబడే ఉంది. బ్యాగులో ఫోను మోగి మోగి ఆగింది.

సారమ్మ తలెత్తింది.

"తొమ్మిదేళ్ళంటే చిన్నపిల్లేనండి. మరి ఇరవయ్యేళ్ళకండీ? నలభై ఏళ్ళకి?"

 సారమ్మ జవాబు కోసం ఆగలేదు. కొంగుతో ముఖం ఒకసారి గట్టిగా తుడుచుకుని లేచింది.

"పదండి. శాలువా వద్దనకండి, కప్పనివ్వండి. కప్పాక మైకిత్తారు కదా, అప్పుడు చెప్పండి ఇదంతా. మా వీధోళ్ళు ముప్పై మంది దాకా వచ్చారండి. నేను ముందు వరసలో కూర్చుంటాను."

స్టేషను బయట ఆటో మాట్లాడింది కూడా సారమ్మే. ముందు తను ఎక్కి, పక్కకు జరిగి చోటిచ్చింది. సుమన ఎక్కి కూర్చుంది. బ్యాగులో మళ్ళీ మోగుతున్న ఫోను తీసి కట్టేసి, హాలుకు పోనివ్వమంది.